యతి దాకా అందని ఊపిరి

ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలుంటాయి, పదో అక్షరం యతిస్థానం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 19 ఏళ్లుగా తెలుగు చెబుతున్న నేను ఆ పాదాన్ని రాగం తీసి, చివరి బెంచీ దాకా వినబడేలా, ఒక్క ఊపిరిలో చదివేదాన్ని. థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ జరిగిన నాలుగో రోజున మంచం మీద కూర్చుని అదే పాదం ఎత్తుకుంటే ఆరో అక్షరం దగ్గరే ఊపిరి అయిపోయింది. జలుబుకు గొంతు బొంగురుపోవడం నాకు తెలియనిది కాదు. బొంగురు గొంతులో మోటుగానైనా శబ్దం ఉంటుంది; నా గొంతులో మాత్రం చిల్లుపడ్డ కొలిమితిత్తిలా గాలి తప్ప మరేమీ లేదు.

ఆపరేషన్‌కు ముందు నేను సంతకం పెట్టిన కాగితంలో స్వరం మారే అవకాశం గురించి ఒక వాక్యం ఉందని తర్వాత తీరిగ్గా చదివినప్పుడు తెలిసింది. నోటితో ఎవరూ చెప్పలేదు. ఇంటికి పంపే రోజున అడిగితే, మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేస్తారు కనుక కొద్ది రోజులు అలాగే ఉంటుందన్నారు. మామూలుగా అది నిజమే. అయితే ఆ కొద్ది రోజులు మూడు వారాలై, మంచినీళ్లు తాగిన ప్రతిసారీ పొలమారుతున్నా వాళ్లు అదే మాట చెప్పడం నాకిప్పటికీ మింగుడుపడదు.

వేరే ఊళ్లో చెవి, ముక్కు, గొంతు వైద్యురాలు ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం దించి, తెరను నావైపు తిప్పి, "ఈ" అని సాగదీయమన్నారు. ముత్యం రంగులో రెండు స్వరతంత్రులు కనిపించాయి. కుడిది చురుగ్గా మధ్యకు వచ్చింది. ఎడమది వానకు ఉబ్బి బిగుసుకున్న తలుపురెక్కలా ఉన్నచోటే నిలిచిపోయింది. రెండు రెక్కలూ కలిస్తేనే గాలికి అవి కంపించి స్వరం పుడుతుంది. కలవకపోతే గాలి వృథాగా పోతుంది, నీళ్లు మింగేటప్పుడు శ్వాసనాళానికి కాపలా కూడా సరిగా ఉండదు. ఎడమ తంత్రిని కదిలించే నాడి మెదడు నుంచి తిన్నగా గొంతుకు రాదట. ఛాతీలోకి దిగి, గుండె నుంచి వెలువడే బృహద్ధమని కింద మలుపు తిరిగి, మళ్లీ పైకెక్కి, థైరాయిడ్ గ్రంథి వెనకగా స్వరపేటికను చేరుతుందట. అంత దూరం చుట్టుతిరిగి వచ్చే నాడికి సరిగ్గా ఆఖరి మజిలీలో దెబ్బ తగిలింది. అది తెగిపోకుండా సాగడమో నలగడమో జరిగి ఉంటే కొన్ని నెలల్లో కోలుకోవచ్చనీ, అందుకే శాశ్వతమైన శస్త్రచికిత్సకు సాధారణంగా ఏడాది దాకా ఆగుతారనీ డాక్టరుగారు వివరించారు. ఈలోగా కావాలంటే తంత్రిలోకి తాత్కాలికంగా జెల్ ఎక్కించవచ్చు. ఆఖరికి తప్పకపోతే మెడ ముందు మృదులాస్థికి కిటికీలా కోసి, చిన్న దిమ్మె అమర్చి తంత్రిని మధ్యకు నెట్టే థైరోప్లాస్టీ ఉంది. నేను ముందుగా స్వర చికిత్సకు మొగ్గాను. స్పీచ్ థెరపీ అంటే మాటలు ఆలస్యమైన పిల్లలకు చేయించేది అనుకునేదాన్ని; పెద్దవాళ్ల గొంతుకు కూడా అది ఉందని అప్పుడే తెలిసింది.

ఆ రోజుల్లో ఇంట్లో నవ్వులకు మాత్రం కొదవ లేదు. తరగతిలో ఏటా సరళాదేశ సంధి చెబుతాను, క, ట, ప లాంటి పరుషాలు గ, డ, బ లాంటి సరళాలవుతాయని. నా నోట అది తిరగబడింది. గ, డ, బ పలకాలంటే తంత్రులు కంపించాలి. అవి కంపించకపోయేసరికి వినేవాళ్లకు క, ట, ప అయిపోయేవి. "గోడ మీద తువ్వాలు ఆరేశాను అత్తయ్యా" అంటే, అసలే వినికిడి తగ్గిన మా అత్తగారు చేయి చెవికి ఆనించుకుని, "ఏ కోటే అమ్మాయ్?" అని అడిగారు. ఫోనులో అయితే అవతలివాళ్లు సిగ్నల్ లేదని పెట్టేసేవారు. చూడవచ్చినవాళ్లు ఒకరు మిరియాల కషాయం, ఒకరు బుగ్గన కరక్కాయ, మరొకరు అతిమధురం చెప్పి వెళ్లారు. మింగినదేదీ తంత్రులను తాకదనీ, తాకితే పొలమారుతుందనీ చెప్పేంత ఊపిరి నాకు లేదు.

థెరపిస్టు నా పాత విద్యార్థినుల ఈడు పిల్ల. మొదటి రోజున స్టాప్‌వాచ్ పెట్టి "ఆ" అనమంది. ఆరోగ్యంగా ఉన్న స్త్రీ పదిహేను సెకన్లకు అటూఇటూగా నిలపగలిగే ఆ స్వరాన్ని నేను నాలుగు సెకన్లు నిలిపాను. మెడ మీద వేళ్లుంచి చూసి, "గొంతుతో నెట్టేస్తున్నారు మేడం, అందుకే సాయంత్రానికి మెడ నొప్పి" అంది. నేను చేస్తున్న పొరపాటు అదే. స్వరం రాకపోయేకొద్దీ మెడ కండరాలు బిగించి, బలవంతాన శబ్దం పిండుతున్నాను. అది అలవాటైతే నాడి కోలుకున్నా గొంతు కోలుకోదంది.

ఆమె నేర్పినవి చూడటానికి పిల్లల ఆటల్లా ఉండేవి. గ్లాసు నీళ్లలో రెండు వేళ్ల లోతున స్ట్రా ముంచి, "ఊ" అంటూ బుడగలు తేవాలి. స్ట్రాలో ఆగిన గాలి వెనక్కి ఆనుకుని తంత్రులు శ్రమలేకుండా కంపించడానికి సాయపడుతుంది. పెదవులను బుర్రుమనిపించాలి, మా అబ్బాయి చిన్నప్పుడు బస్సు నడుపుతూ చేసినట్టు. "మ్" అంటూ ముక్కు దగ్గర, పై పెదవి మీద జలదరింపు తెలిసేదాకా సాగదీయాలి. నీళ్లు తాగేటప్పుడు గడ్డం ఛాతీ వైపు దించాలి. ఒకరోజు తలను ఎడమకు తిప్పి పలకమంటే, కదలని తంత్రి కాస్త మధ్యకు జరిగి కాబోలు, నా పాత గొంతు ఒక్క క్షణం గదిలో వినిపించింది. తల నిటారుగా పెట్టగానే పోయింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరు పిలిచినా ఎడమకు తిరిగే పలికాను.

ఆమె సెకన్లు లెక్కపెడితే నేను అక్షరాలు లెక్కపెట్టుకున్నాను. ముందు ఆటవెలది పాదాలు, అవీ రాగం లేకుండా. రెండో నెలంతా ఏ మార్పూ లేక విసిగి పది రోజులు సాధన మానేశాను. మూడో నెలలో వింత జరిగింది: ఒకేసారి రెండు గొంతులు వినిపించసాగాయి, ఒకటి మోటుగా, ఒకటి సన్నగా. రెండు తంత్రులూ చెరో వేగంతో కంపిస్తే అలా ఉంటుందని, అంటే కనీసం రెండూ కంపిస్తున్నాయని థెరపిస్టు సంబరపడింది. అయిదో నెల పరీక్షలో ఎడమ తంత్రి కదిలీ కదలనట్టు కదిలింది. నాడిని తిరిగి మొలిపించింది తన అభ్యాసాలు కాదని ఆమే నిజాయితీగా చెప్పింది. అది శరీరం చేసుకున్న పని. ఉన్న బలాన్ని వాడుకోవడం, చెడు అలవాటు పడకుండా కాచుకోవడం చికిత్స చేసిన పని.

నడుముకు కట్టుకునే చిన్న మైకుతో బడికి వెళ్లిన మొదటి రోజున మధ్యలో దాని ఛార్జింగ్ అయిపోయింది. నేను గాలిగొంతుతోనే ప్రశ్న అడిగితే, తరగతి మొత్తం గుసగుసగా సమాధానం చెప్పింది. వెక్కిరింతేమోనని ముఖాలు చూశాను, కాదు. గుసగుసకు గుసగుసే బదులు వస్తుందని ఆ పూట తెలిసింది.

ఇది తొమ్మిదో నెల. "ఆ" పదమూడు సెకన్లు నిలుస్తోంది. మొదటి మూడు వారాలు పోగొట్టుకున్నదాన్ని కనుక ఇంతమట్టుకు చెప్పగలను: ఏ కారణంగానైనా మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే, తంత్రులను కెమెరాతో చూడమని అడగండి, మెడకు ఆపరేషన్ అయినవాళ్లు అన్ని వారాలు కూడా ఆగవద్దు. థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో కూడా అడగండి.

పై స్థాయి ఇంకా రాలేదు. రాగం ఎత్తుకోవలసిన చోట తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఎత్తుకుంటుంది. ఆ తర్వాత నేను మామూలు గొంతుతో ఉత్పలమాల పాదం చదువుతాను. తొమ్మిది అక్షరాలు చదివి, యతి ముందు ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా పదకొండూ పూర్తి చేస్తాను.