ఆరి వెలిగే చిన్న దీపం

వాలు దిగి ఇల్లు చేరి చాలా సేపయింది. టైర్ల సందుల్లో ఇరుక్కున్న మట్టి ఈపాటికి ఎండిపోయి ఉంటుంది, తమ్ముడు ఎప్పుడో నిద్రపోయాడు. నాకు మాత్రం డ్యాష్‌బోర్డు మీద గోరంత ఉండే ఆ ఆకుపచ్చ దీపం కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. చెప్పుకుంటే చిన్న విషయమే, కానీ రాయకుండా పడుకుంటే రేపంతా అదే తలుచుకుంటూ వాడితో ముభావంగా ఉంటానని నాకు తెలుసు.

జరిగింది ఇంతే. రాళ్ళ వాలు మొదట్లో వాడు బండి ఆపాడు. క్లచ్, బ్రేకు తొక్కి, గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి, నాబ్‌ను నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగే ‘ఫోర్ హై’ నుంచి, వేగం తగ్గి బలం పెరిగే ‘ఫోర్ లో’కు తిప్పాడు. అంతవరకూ వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ మార్పును చూపే ఆకుపచ్చ దీపం ఆరి వెలగడం మొదలుపెట్టింది. అది ఇంకా అలా ఆరి వెలుగుతూ ఉండగానే వాడి కాలు బ్రేకు మీద తేలికపడింది, బండి జానెడు ముందుకు జారింది, నేను పక్క సీట్లోంచి హ్యాండ్‌బ్రేకు లాగాను.

"ఆగరా, ఇంకా పడలేదు."

"వెలుగుతోంది కదక్కా."

"వెలిగి ఆరుతోంది. నిలకడగా వెలిగేదాకా కాలు తీయకూడదు."

వాడు నావైపు ఒకసారి, దీపం వైపు ఒకసారి చూసి మళ్ళీ బ్రేకు తొక్కాడు. కొన్ని క్షణాలకు అడుగున ఎక్కడో టక్కుమంది, దీపం నిలిచింది. ఆ తరువాత దారంతా ఇద్దరం ముక్తసరిగానే మాట్లాడుకున్నాం.

జానెడు జారినందుకే ఇంత రాద్ధాంతం ఎందుకని వాడు మనసులో అనుకునే ఉంటాడు. నాకు భయం వేసింది ఆ జానెడుకు కాదు. ఫోర్ హై నుంచి ‘ఫోర్ లో’కు మారేటప్పుడు, గేర్‌బాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మధ్యలో తన న్యూట్రల్ మీదుగా వెళుతుంది. అక్కడ ఉన్నంతసేపు ఇంజినుకూ చక్రాలకూ సంబంధమే ఉండదు. గేర్‌బాక్సు మొదటి గేరులో ఉన్నా, ఆటోమేటిక్ బండైతే పార్క్‌లో ఉన్నా, వాలు మీద బండిని ఆపగలిగేది బ్రేకు ఒక్కటే, ఎందుకంటే గేర్‌బాక్సు పట్టు చక్రాలదాకా చేరే దారి ఆ ట్రాన్స్‌ఫర్ కేసులోనే తెగి ఉంటుంది. నాబ్ తిప్పడమంటే మార్పు కావాలని అడగడం మాత్రమే. అడిగిన తరువాత లోపల ఒక చిన్న మోటారు తిరిగి పళ్ళున్న కంకణాన్ని పక్కకు జరపాలి, పళ్ళకు పళ్ళు ఎదురుపడి అడ్డుకుంటే అవి సర్దుకునేదాకా ఆగాలి, అప్పుడు గాని పట్టు దొరకదు. మా బండిలో దీపం ఆరి వెలిగేది ఆ ఎడంలోనే, అంటే బండికి ఇంజిను ఆసరా లేకుండా పోయే అవకాశం ఉన్న క్షణాల్లోనే.

ఫోర్ లో పడిన తరువాత సంగతి వేరు. లో నిష్పత్తి 2.7 ఉన్న బండిలో చక్రాలకు అందే తిప్పే బలం దాదాపు 2.7 రెట్లవుతుంది, అదే గేరులో అదే ఇంజిను వేగానికి బండి వేగం అంతే మేరకు తగ్గుతుంది. మొదటి గేరులో క్లచ్ జోలికి పోకుండా ఉంటే వాలులో ఇంజినే బండిని పట్టి దించుతుంది. ఆ పట్టు వచ్చిందో లేదో తెలుసుకోకుండా బ్రేకు వదలడమన్నది నాకు కడుపులో దేవినట్లు అనిపిస్తుంది, దానికి కారణం పెద్దనాన్న.

నేను బండి నడపడం నేర్చుకున్నది పెద్దనాన్న జీపు మీద. 1941 నుంచి యుద్ధం కోసం తయారైన విల్లీస్ జీపుల్లో నేల మీద మూడు లివర్లు ఉండేవి: పొడవైనది గేర్లకు, పక్కనున్న రెండు పొట్టివాటిలో ఒకటి ముందు ఇరుసును కలపడానికి, రెండోది హై నుంచి ‘లో’కు మార్చడానికి. ఏది ఎటు జరపాలో చెప్పే రేకును డ్యాష్‌బోర్డుకే బిగించేవారు. పెద్దనాన్న జీపు వయసులో వాటికన్నా చాలా చిన్నదే అయినా ఏర్పాటు అదే. ముందు ఇరుసును కలపనిదే లో పడేది కాదు, లోపలి కట్టడే అలా అడ్డుకునేది. రేకు మీది అక్షరాలు మాత్రం నా చేతికి జీపు వచ్చేనాటికే అరిగిపోయాయి. లివర్ల తలలు కూడా నున్నగా, నల్లగా అయిపోయి, వాటి మీద ఏమి రాసి ఉండేదో ఊహించుకోవలసిందే.

ఆయన నాకు మొదట నేర్పింది నడపడం కాదు. బండి నిలిపి, ఇంజిను ఆన్‌లో ఉంచి, క్లచ్ తొక్కిపట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కళ్ళు మూసుకోమనేవారు. లివరు ఎటో జరిపి, నా చెయ్యి తీసి దాని మీద పెట్టి "ఎక్కడుంది?" అని అడిగేవారు. న్యూట్రల్‌లో ఉంటే అది వదులుగా ఊగేది, వేలితో నెట్టినా అటూ ఇటూ పోయేది. పళ్ళు పూర్తిగా కలిస్తే బిగువుగా నిలిచి, ఇంజిను వణుకు సన్నగా అరచేతిలోకి వచ్చేది. సగంలో ఆగితే ఆ వణుకులో ఒక గరుకుదనం ఉండేది, మణికట్టుదాకా పాకేది. సరిగ్గా చెబితే మెచ్చుకునేవారు కాదు. "ఊఁ" అని మళ్ళీ జరిపేవారు. తప్పు చెబితే కళ్ళు తెరవనివ్వకుండా ఇంకోసారి తడమమనేవారు. ముందు చక్రాలను ఇరుసుతో కలిపే హబ్బులు చేత్తో తిప్పి బిగించడానికి ఆయన బురదలోకైనా తానే దిగేవారు, దిగి అక్కడినుంచే "ఇప్పుడెక్కడుంది?" అని కేకవేసేవారు. ఎత్తు ఎక్కుతూ ఇంజిను ఆగిపోతే బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, రివర్సు గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, గేరులోనే స్టార్ట్ చేసి, స్టీరింగు తిప్పకుండా తిన్నగా వెనక్కి దిగాలని నేర్పిందీ ఆయనే. చక్రం రాయికి తగిలితే స్టీరింగు ఎదురు తిరిగి వేలు విరుస్తుంది కాబట్టి బొటనవేళ్ళను చట్రం లోపలికి చుట్టవద్దని మాత్రం ప్రతిసారీ చెప్పేవారు. ఈ రోజుకీ నా వేళ్ళు వాటంతట అవే బయట నిలుస్తాయి.

అలా నేర్చుకున్నదానికి, పళ్ళు కలవకముందే కాలు తేలిక చేసేవాడిని చూస్తే చిరాకు రాక ఏమవుతుంది అని రాయబోయాను. రాయబోయి ఆగాను, ఎందుకంటే మొన్నటి వానాకాలంలో బురదలో ఇరుక్కున్న సంగతి గుర్తుకు వచ్చింది.

ఆ రోజూ నడిపింది వాడే. చక్రాలు జారుతుంటే డ్యాష్‌బోర్డు మీద జారే కారు బొమ్మ ఉన్న పసుపు దీపం ఆరి వెలగడం మొదలైంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజిను మూలుగుతూ వెనక్కి తగ్గింది. వాడు కంగారుపడలేదు. బండి పుస్తకం తీసి అక్కడే చదివాడు. ఆ దీపం ఆరి వెలిగితే బండి జారిపోకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఆ క్షణంలో తన పని తాను చేస్తోందని అర్థం, వెలిగి ఆరకుండా నిలిచిపోతేనే దానిలో ఏదో లోపం ఉన్నట్లు. అంటే ఒకే డ్యాష్‌బోర్డు మీద, జానెడు దూరంలో, రెండు దీపాలు. ఒకటి ఆరి వెలిగితే పని జరుగుతున్నట్లు, నిలిస్తే తేడా ఉన్నట్లు. రెండోది నిలిస్తే అంతా సవ్యం, ఆరి వెలిగితే ఇంకా పట్టు రానట్లు. తమ్ముడు అజాగ్రత్తగా లేడు. ఒక దీపం దగ్గర శ్రద్ధగా నేర్చుకున్నదాన్ని ఇంకో దీపానికి అన్వయించుకున్నాడు, నాకు అరచెయ్యి నేర్పినట్లే వాడికి ఆ పసుపు దీపం నేర్పింది.

కాబట్టి నా కోపం ఇప్పుడు దీపాల మీదికి మళ్ళింది, అక్కడ మాత్రం అది న్యాయమే అనుకుంటున్నాను. వాహనాల్లోని గుర్తులకు, దీపాల రంగులకు ఐఎస్‌ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఎరుపు ప్రమాదానికి, పసుపు జాగ్రత్తకు, ఆకుపచ్చ మామూలు పనితీరుకు, నీలం హై బీమ్‌కు. రంగుల విషయంలో ఇంత క్రమం ఉన్నప్పుడు, మా బండిలో ఫోర్ లో దీపం అంతా సవ్యమని చెప్పే ఆకుపచ్చ రంగులోనే "ఆగు, ఇంకా కాలేదు" అని ఎందుకు చెప్పాలి? మార్పు పూర్తయ్యేదాకా పసుపులో ఉండి, పూర్తయ్యాక ఆకుపచ్చకు మారితే కొత్తగా నడిపేవాడికి కూడా పుస్తకంతో పని ఉండదు.

ఇంత రాశాక పాత లివరే మేలు అనాలి, నిజానికి ఈ రాత్రి కూర్చున్నది అది రాయడానికే. ఇప్పుడు ఆ మాట అనలేకపోతున్నాను. చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేని, అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసుకునే పార్ట్‌టైమ్ బళ్ళలో, గట్టి నేల మీద ఫోర్ వీల్‌లో మలుపు తిప్పితే ముందు చక్రాలు వెనుక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరగవలసి వస్తుంది, ఆ తేడాకు దారిలేక ఇరుసుల మధ్య బిగువు పేరుకుంటుంది. అప్పుడు లివరు రాదు. పెద్దనాన్న చివరి రోజుల్లో రెండు చేతులతో లాగి, భుజం పట్టుకుని, బండిని కొంచెం దూరం తిన్నగా వెనక్కి నడిపి, మళ్ళీ లాగేవారు. మణికట్టు నొప్పితో అమ్మ ఆ లివరును ఎన్నడూ జరపలేకపోయింది. ఇప్పుడు ఇదే నాబ్‌ను రెండు వేళ్ళతో తిప్పి, ఎవరినీ పిలవకుండా ఇసుకలోకి వెళ్ళి వస్తుంది. లోపల మోటారు ఉండడం నాకు అభ్యంతరం కాదు. అది చేస్తున్న పనిని చేతికో, చెవికో, కంటికో స్పష్టంగా తెలియజేయకపోవడమే అభ్యంతరం.

స్క్రీన్ సంగతైతే ఇంకా అన్యాయం. మా బండిలో వెనుక డిఫరెన్షియల్ లాక్, స్టెబిలిటీ కంట్రోల్ ఆఫ్ రెండూ టచ్‌స్క్రీన్ పేజీల లోపల ఉన్నాయి. ఈ రెండూ కావలసింది బండి ఊగుతున్నప్పుడే. ఒక చక్రం గాలిలోకి లేస్తే మామూలు డిఫరెన్షియల్ ఆ చక్రాన్నే ఊరికే తిప్పుతుంది, లాక్ వేస్తేనే నేల మీదున్న చక్రానికి బలం అందుతుంది. ఇసుకలో ఆగకుండా సాగిపోవలసిన చోట స్టెబిలిటీ కంట్రోల్ ఇంజిను బలాన్ని కోసేస్తుంది, దాన్ని ఆపడానికి మాత్రం స్క్రీన్ మీద వేలు కొన్ని సెకన్లు అదిమిపట్టాలి. రాళ్ళ మీద ఊగే బండిలో వేలు ఒక్కచోట నిలవదు, నిలపడానికి కన్ను దారి వదిలి స్క్రీన్ మీదికి వెళ్ళాలి. స్వీడన్‌లోని ఒక మోటారు పత్రిక 2022లో గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ కొన్ని మామూలు పనులు చేయించి చూసింది. బటన్లున్న 2005 నాటి వోల్వో వి70లో అవన్నీ 10 సెకన్లలో ముగిశాయి, కొత్త కార్లలో అన్నిటికన్నా వెనుకబడినదానిలో 44.9 సెకన్లు పట్టింది. అదీ నున్నటి దారి మీద. 2026 నుంచి, కార్ల భద్రతను పరీక్షించి మార్కులిచ్చే యూరో ఎన్‌క్యాప్ ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, ఎస్‌ఓఎస్ పిలుపు వంటివాటికి చేతికి తగిలే మీటలు లేకపోతే మార్కులు తగ్గిస్తామని చెప్పింది. ఆ జాబితాలో డిఫరెన్షియల్ లాక్ కూడా ఉండాలని నా కోరిక.

దిగడం మాత్రం బాగుంది, అది రాయకపోతే అబద్ధమవుతుంది. ఫోర్ లో, మొదటి గేరు, వాలులో వేగాన్ని తానే అదుపు చేసే హిల్ డిసెంట్ కంట్రోల్ ఆన్, తమ్ముడి పాదాలు రెండూ నేల మీద. 1997లో ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్‌తో ఈ ఏర్పాటు మొదట వచ్చింది, ఆ బండికి లో రేంజ్ లేదు కాబట్టి ఏబీఎస్ సాయంతో బ్రేకులే ఆ పని చేసేటట్లు రూపొందించారు. అడుగున కటకటమంటూ నాలుగు చక్రాలనూ విడివిడిగా పట్టి వదులుతూ బండి నడక వేగంతో దిగింది. ఒక పెడల్ మీద ఒక పాదంతో అలా ఒక్కో చక్రాన్ని వేరుగా పట్టడం పెద్దనాన్న వల్ల కూడా అయ్యేది కాదు.

ఇకమీదట మేమిద్దరం పాటించబోయేది ఇది. వాలు అంచున కాకుండా దానికి ముందున్న చదును నేల మీదే ‘ఫోర్ లో’కు మార్చాలి. హ్యాండ్‌బ్రేకు వేసి, అద్దాలు దించి, టక్కుమనే శబ్దం విన్న తరువాతే దీపం చూడాలి. దీపం నిలిచాక మొదటి గేరు వేసి, బ్రేకు వదలకుండానే క్లచ్ కొంచెం లేపి, ఇంజిను బరువెక్కి బండి ముక్కు కదులుతోందో లేదో చూడాలి. బండి పుస్తకంలో ఈ రెండు దీపాల వివరాలు వేర్వేరు అధ్యాయాల్లో, చాలా పేజీల ఎడంలో ఉన్నాయి. ఇందాక ఒకదాని పక్కన రెండోదాని పేజీ సంఖ్యను పెన్సిలుతో రాసిపెట్టాను. తమ్ముడు లేచాక ముందు ఆ పసుపు దీపం పేజీ చూపించి, వాడు అలా అనుకోవడానికి కారణం ఉందని చెప్పి, ఆ తరువాతే ఆకుపచ్చదాని సంగతి ఎత్తాలి.