పెళ్లి ప్రమాణం, ఆరో ప్రయత్నం: నాలుగో వాక్యం ఇంకా లొంగలేదు

పెళ్లికి ఇంకా 23 రోజులు. పెళ్లికొడుకుకి నేను చదివి వినిపించబోయే ప్రమాణంలో ఏడు వాక్యాలు, ఆరు కుదిరాయి. నాలుగోది మాత్రం ఐదు రాత్రులుగా నిద్రపోనివ్వడం లేదు. మొత్తం గొడవ ఒక్క మాట దగ్గరే: ‘తినను’.

కుదిరినవి ముందు చెప్పేస్తాను. నువ్వా, మీరా అన్న పంచాయితీ తేలింది, ‘నువ్వు’ అనే చదువుతాను. సప్తపదికీ అరుంధతీ దర్శనానికీ మధ్య 2 నిమిషాలు ఇస్తానని పంతులుగారు మాటిచ్చారు. నా చదువు 51 సెకన్లు. ధర్మేచ, అర్థేచ, కామేచ అన్నప్పుడు ‘నాతిచరామి’ అనేది వరుడు. ఏడడుగులయ్యాక స్నేహం కోరేదీ వరుడే. నా నోటివెంట కూడా ఒక మాట రావాలని ఇదంతా.

ఇక నాలుగో వాక్యం. నిశ్చితార్థం అయ్యాక ఒకరోజు చీరల దగ్గర మాటామాటా వచ్చింది. పెళ్లికొడుకు మా ఇంట్లోనే ఉన్నాడు. నేను వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని తినేశాను. బయటికొచ్చి చూస్తే అతని కంచంలో పప్పన్నం కలిపినది కలిపినట్టే ఉంది. తడారి పైన పొర కట్టింది, వేళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి. ముప్పావుగంట నా కోసం ఆగాడు. ప్రమాణంలో ఇంకేది లేకపోయినా ఇది ఉండాలి.

మొదటి మూడు ప్రయత్నాల్లో ‘నీతోనే కలిసి తింటాను’ అని రాశాను. మాట తప్పు కాదు, కానీ ముందూ వెనకా ‘వింటాను, ఉంటాను, చూస్తాను’ ఉండేసరికి బడిలో చెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞలా వినిపించింది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి ప్రమాణాలన్నీ ఒకే తోకతో ముగుస్తాయి. అప్పుడు ‘నాతిచరామి’ గుర్తొచ్చింది. అతిక్రమించను అని దాని అర్థం. చేస్తానని కాదు, చేయనని. చేయనన్న మాట తప్పితే ఆ రాత్రే తెలిసిపోతుంది, అందుకే నాకు అదే నమ్మకం. అలా నాలుగో ప్రయత్నంలో ‘కోపమొచ్చిన రాత్రి విడిగా అన్నం తినను’ అయింది.

చదివి అమ్మకి వినిపించాను. అమ్మ ముఖం మారిపోయింది. ‘అదేటే, విడిగా తిన్నానంతావు?’

తినను, తిన్నాను. సరిగ్గా ఎదురు అర్థం! ఫోన్‌లో 20 సార్లు రికార్డు చేసి, పది అడుగుల దూరంలో పెట్టి, ఫ్యాను 5 మీద తిప్పి, పక్క గదిలో సన్నాయి మేళం వేసి పిన్నికి వినిపించాను. ఆమెకి వాక్యం ముందు తెలియదు. విన్నది విన్నట్టు రాయమన్నాను. 7 సార్లు ‘తిన్నాను’ అని రాసింది. మేళం ఆపితే 2 సార్లు. కారణం ఒకటి కాదనుకుంటా. టెన్షన్‌లో రెండో అక్షరం ఒత్తి పలుకుతున్నాను. పైగా ఆ మాట ఊపిరి చివర పడుతోంది. ఇంట్లో మేం ‘తిన్ను’ అనే అంటాం కాబట్టి వినేవాళ్ల చెవి ముందే ఒత్తుకి సిద్ధంగా ఉంటుందేమో కూడా.

‘తినబోను’ అంటే వార్తలు చదివినట్టుంది. ‘తినేది లేదు’ అంటే పోట్లాటకి దిగినట్టు. ‘తినకుండా ఉంటాను’ అంటే ఉపవాసం. ‘కలిసే తింటాం’ బాగుంది కానీ అందులో అతని మాట కూడా నేనే ఇచ్చేస్తున్నాను, అది న్యాయం కాదు. ఒక యాప్‌ని అడిగితే ‘ఓ నా జీవన సహచరా’ అని మొదలుపెట్టింది. వాడుక తెలుగు కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన జిల్లాలో పుట్టి ఆ మాట నేను అనలేను.

నిన్న రాత్రి క్రియనే మార్చేశాను. ‘నా కంచం వేరే గదిలో పెట్టుకోను’ అన్నాను. 20కి 20 సార్లూ సరిగ్గానే వినిపించింది, కానీ అన్నం అన్న మాట పోయింది. సప్తపదిలో మొదటి అడుగు వేసేదే అన్నం కోసం, ‘ఏకమిషే’ అని. దాన్ని వదులుకోలేను. పొద్దున్న దోసెలు పోస్తుంటే ఇలా తట్టింది: ‘ఎంత కోపమొచ్చినా, నువ్వు కూర్చోకుండా అన్నం వడ్డించుకోను.’ 4 సెకన్లు, ఒక్క ఊపిరి. ఇంకా పిన్ని పరీక్ష కాలేదు.

చిత్తుకి రేనాల్డ్సే హాయి, చెయ్యి ఆగదు. శుద్ధప్రతి మాత్రం రాజమండ్రి రత్నం పెన్నుతోనే రాస్తాను. కార్డు 6 అంగుళాలు, 4 అంగుళాలు. లామినేషన్ వద్దు, లైట్లు పడితే మెరిసి అక్షరం కనబడదు. ఆదివారం కళింగపట్నం వెళ్లి అలల పక్కన చదివి చూస్తాను, మేళం కంటే అదే పెద్ద హోరు. సోమవారం శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సౌండ్ సిస్టమ్ అబ్బాయిని కలిసి మైకుతో ఇంకో 20 సార్లు. పెళ్లికొడుకు కూడా నాలుగు వాక్యాలు రాశాడట, ఎంత అడిగినా చూపించడం లేదు.