ఒంగోలు దుమ్ముకి ఢిల్లీలో లెక్క అడిగేదెవరు

గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ళంటూ కేంద్రం వేసిన జాబితాలో మన రాష్ట్రానివి 13 ఉన్నాయి. నెల్లూరు, ఒంగోలు రెండూ అందులోవే. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ఈ ఊళ్ళకి డబ్బు రావాలి. విశాఖ, విజయవాడ లాంటి పెద్ద నగరాలకి 2025-26 దాకా 15వ ఆర్థిక సంఘం గ్రాంటు ఇచ్చారు, నెల్లూరు, ఒంగోలుకి అది లేదు. ఈ కార్యక్రమం కింద మనకి రావలసింది కేంద్ర పర్యావరణ శాఖ బడ్జెట్లోని ‘కాలుష్య నియంత్రణ’ పద్దు నుంచే. కాబట్టి ఆ పద్దుని పార్లమెంటులో ఎవరు తిరగేస్తారు, ఎలా తిరగేస్తారు అన్నది ఒంగోలు కర్నూలు రోడ్డు మీద గ్రానైట్ లారీ వెనకాల బండి తోలేవాడికీ అవసరమైన సంగతే.

2024-25 బడ్జెట్లో ఆ పద్దుకి రాసింది 858 కోట్లు. శాఖ మొత్తం కేటాయింపు 3,330 కోట్లు కాబట్టి నాలుగోవంతుకి పైమాటే. 2025 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం (శాఖల పద్దులు పరిశీలించే ఎంపీల కమిటీ) నివేదిక బయటికొచ్చాక తేలిందేమిటంటే, ఏడాది ముగింపుకొస్తున్నా ఖర్చయింది 7.22 కోట్లు. ఒక శాతం కూడా కాదు. పథకాన్ని 2025-26 దాకా పొడిగించే అనుమతి ఇంకా రాలేదని శాఖ చెప్పుకుంది. బడ్జెట్ పుస్తకంలో అంకె పడినంత మాత్రాన ఖర్చు పెట్టే అధికారం వచ్చినట్టు కాదు, అది వేరే ఫైలు. ఆ ఫైలు కదలకపోతే మున్సిపాలిటీ దాకా రూపాయి రాదు. బడ్జెట్ రోజు టీవీ చర్చల్లో ఈ సంగతి ఎవరూ మాట్లాడరు, మాట్లాడడానికి అప్పటికి ఆధారమూ ఉండదు.

ఈ లెక్క బయటపెట్టేది సభ కాదు, స్థాయీ సంఘం. లోక్‌సభలో ఏటా కొన్ని శాఖల పద్దుల మీదే చర్చ జరుగుతుంది, మిగతావన్నీ గిలటిన్ కింద, అంటే చర్చ లేకుండా కలిపి ఓటుకి పెట్టే పద్ధతిలో, ఒక్క గంటలో మూజువాణి ఓటుతో పోతాయి. పర్యావరణ శాఖ ఎక్కువగా ఆ మిగతావాటిలోనే ఉంటుంది. స్థాయీ సంఘంలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. పర్యావరణానిది రాజ్యసభ ఛైర్మన్ పరిధిలోని సంఘం కాబట్టి నివేదికలు ఆ సభ కమిటీల పేజీలో వెతకాలి. లోక్‌సభ వైపు వెతికి దొరకలేదనుకునేవాళ్ళు చాలామంది.

బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో సంఘం శాఖకి ప్రశ్నావళి పంపి, కార్యదర్శిని కూర్చోబెట్టి అడుగుతుంది. అది లోపలి సమావేశం, విలేకరులకి ప్రవేశం లేదు. మంత్రులు సభ్యులుగా ఉండకూడదన్న నియమం ఉంది కాబట్టి పాలక పక్షం సభ్యులు కూడా కాస్త గట్టిగానే అడుగుతుంటారు. కాకపోతే సంఘం కోత తీర్మానం (పద్దు తగ్గించమనే తీర్మానం) సూచించలేదు, రోజువారీ పాలనలో వేలు పెట్టలేదు. సిఫార్సు చేయగలదు, అంతే.

నివేదిక చేతికొస్తే మొదటి పేజీలు వదిలేసి పట్టికలకి వెళ్ళండి. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం మూడూ పక్కపక్కన ఉంటాయి. మొదటిదాన్ని మూడోదాంతో పోల్చి ఊరుకుంటే సగం కథే తెలుస్తుంది. సవరించిన అంచనా బాగా తగ్గిందంటే ఆర్థిక శాఖ డిసెంబరు, జనవరిల్లోనే కోసేసిందన్నమాట. సవరించిన అంచనా బాగానే ఉండి వాస్తవ వ్యయం పడిపోయిందంటే తప్పు శాఖలోనో రాష్ట్రంలోనో ఉంది. చివరి మూడు నెలల్లో 33 శాతానికి, ఒక్క మార్చిలో 15 శాతానికి మించి ఖర్చు పెట్టకూడదన్న ఆర్థిక శాఖ నిబంధన ఉంది కాబట్టి జనవరి దాకా పడుకున్న పథకం మార్చిలో లేచి పరిగెత్తలేదు.

రాష్ట్రం వైపు తప్పు ఎక్కువగా యూసీల (వినియోగ ధ్రువపత్రాల) దగ్గర. డబ్బు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి (పీసీబీ) వచ్చి, అక్కడినుంచి కార్పొరేషన్‌కి వెళ్తుంది. పాత విడతకి యూసీ పంపకపోతే కొత్త విడత ఆగిపోతుంది. టెండరు పిలిచి స్వీపింగ్ మిషన్ రాకపోతే డబ్బు ఖాతాలో ఉన్నా ఖర్చయినట్టు కాదు, యూసీ ఇవ్వడానికీ లేదు. ఈ కార్యక్రమం నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము పనులకే పోయిందని, పరిశ్రమల కాలుష్యానికి ఒక శాతం కూడా దక్కలేదని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్‌ఈ) సంస్థ 2024లో లెక్క తేల్చింది. ఊరి పనితీరుని పీఎం 10 (గాలిలో తేలే సన్నని దుమ్ము కణాలు) అంకెతోనే కొలుస్తారు కాబట్టి అందరూ రోడ్లు ఊడ్చే మిషన్ల మీదే పడ్డారు. నన్నడిగితే ఆ కొలత మారనంతకాలం ఖర్చూ మారదు.

నివేదిక వచ్చిన మూడు నెలల్లో శాఖ జవాబివ్వాలి. ఆ జవాబుల మీద సంఘం మళ్ళీ ఇంకో నివేదిక ఇస్తుంది, చదవాల్సింది అది. అందులో శాఖ ఒప్పుకున్న సిఫార్సులు ఒక అధ్యాయం, జవాబు విని సంఘం వదిలేసినవి ఒకటి, జవాబు నచ్చక తిప్పికొట్టినవి ఒకటి, ఇంకా తుది జవాబు రానివి ఒకటి. మూడోదీ నాలుగోదీ తెరిస్తే చాలు. మొదటి అధ్యాయం నిండా ‘గమనించడమైనది’ అన్న ముక్కే కనపడుతుంది.

ఇదంతా దేశం మొత్తం లెక్క. ఒంగోలుకి ఎంత వచ్చిందో కావాలంటే ఎంపీ చేత ప్రశ్న వేయించాలి. ఇక్కడ ఒక చిక్కుంది. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి ప్రకాశం జిల్లాలో ఉన్నా లోక్‌సభకి బాపట్ల కిందికి వస్తుంది. కృష్ణపట్నం థర్మల్ బూడిద సంగతి అడగాలంటే నెల్లూరు ఎంపీ కాదు, అది ఉన్న సర్వేపల్లి నియోజకవర్గం తిరుపతి కింద ఉంది. కందుకూరు నెల్లూరు కింద. ఏ ఎంపీ అయినా దేశంలో దేని గురించైనా అడగొచ్చు గానీ, తన ఓటర్లు కానివాళ్ళ కాగితం ఆయన పీఏ బల్ల దాటడం కష్టం.

శాఖ కూడా సరిగా ఎంచుకోవాలి. తీరంలో రొయ్యల చెరువులకి రిజిస్ట్రేషన్ ఇచ్చే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ మత్స్య శాఖ కింద ఉంది. గ్రానైట్ చిన్నతరహా ఖనిజం, లీజులు రాష్ట్రం చేతిలో. బూడిద మాత్రం పర్యావరణ శాఖదే: 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్ ప్రకారం గడువులోగా వాడని బూడిదకి టన్నుకి 1,000 రూపాయల పరిహారం కట్టాలి. తప్పు తలుపు తడితే ప్రశ్న తిరస్కరిస్తారు, లేదా ‘ఇది రాష్ట్ర విషయం’ అని రెండు లైన్ల జవాబొస్తుంది.

లోక్‌సభలో ప్రశ్న 150 పదాలు దాటకూడదు, అంశం ఒక్కటే ఉండాలి, 15 రోజుల ముందు నోటీసు చేరాలి. నక్షత్ర గుర్తు ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేవి) రోజుకి 20, గుర్తు లేనివి 230. మనకి అంకెలు కావాలి కాబట్టి గుర్తు లేనిదే మేలు, రాతపూర్వకంగా పట్టికతో వస్తుంది. ‘ఒంగోలులో కాలుష్యం తగ్గించడానికి ఏం చర్యలు తీసుకున్నారు’ అని అడిగితే దేశవ్యాప్త పథకాల పేర్లన్నీ వల్లిస్తారు. ఇలా అడగాలి: ‘2019-20 నుంచి ఏడాదివారీగా నెల్లూరు, ఒంగోలు నగరాలకి విడుదలైన, ఖర్చయిన, యూసీ అందిన మొత్తాలు ఎంత, ఒక్కో గాలి పరీక్షా కేంద్రంలో ఏడాదికి తీయాల్సిన 104 గాలి నమూనాల్లో తీసినవి ఎన్ని?’ రెండో ముక్క ముఖ్యం. వారానికి రెండు రోజులు నమూనా తీయాలన్నది లెక్క. సగమే తీసి సగటు కట్టి గాలి బాగుపడిందంటే నమ్మడానికి లేదు.

జవాబులో ‘వివరాలు అనుబంధంలో’ అని ఉంటే ఆ అనుబంధం కూడా దించుకోండి, ఊళ్ళవారీ పట్టిక అక్కడే ఉంటుంది. ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’ అని వస్తే నిరాశపడక్కర్లేదు. అది హామీ కింద లెక్క, మూడు నెలల్లో తీర్చకపోతే సభలో ప్రభుత్వం ఇచ్చిన హామీలు చూసే హామీల కమిటీ పట్టుకుంటుంది. ప్రశ్న సంఖ్య, తేదీ రాసి పెట్టుకుని, గడువు దాటిన మర్నాడే ఆ కమిటీకి ఒక ఉత్తరం పెట్టండి.