శాకాహారమూ, మూడు చెంచాల నూనే

మాంసం మానేస్తే బరువు దానంతట అదే తగ్గుతుందని నేను చాలాకాలం నమ్మాను. మూడు నెలలు గడిచినా తూకం యంత్రం మీద ముల్లు కదలకపోయేసరికి, కూర వండేటప్పుడు బాణలిలో అలవాటుగా వంచే నూనెను ఒకరోజు ముందుగా చెంచాతో కొలిచి చూశాను. సరిగ్గా మూడు పెద్ద చెంచాలు తేలింది. ఒక్కో చెంచాలో సుమారు 14 గ్రాముల నూనె, అంటే దాదాపు 120 కేలరీలు ఉంటాయి కాబట్టి, నేను కూరగాయలు తింటున్నానని అనుకుంటూ నిజానికి వాటిని వేయించిన నూనెనే ఎక్కువగా తింటున్నానన్నమాట. గ్రాము కొవ్వులో 9 కేలరీలుంటే, గ్రాము పిండిపదార్థంలోనూ, గ్రాము మాంసకృత్తుల్లోనూ 4 చొప్పునే ఉంటాయి. చక్కెర, మైదా కూడా శాకాహారమేనన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

నాకు నిజంగా ఉపకరించినవి పప్పుధాన్యాలు. పొట్టుతో ఉడికించిన మసూర్లు 100 గ్రాములు తీసుకుంటే సుమారు 116 కేలరీలతోపాటు 9 గ్రాముల మాంసకృత్తులు, దాదాపు 8 గ్రాముల పీచు అందుతాయి. ఆ రెండూ కలిసి ఆకలిని ఎక్కువసేపు దూరంగా ఉంచుతాయి. అదే 100 గ్రాముల బాదంపప్పులో ఇంచుమించు 580 కేలరీలుంటాయి. మంచి ఆహారమే, కాదనను. కానీ డబ్బా చేతికందితే నాకు లెక్క గుర్తుండదు గనుక దాన్ని ఇప్పటికీ పై అరలోనే పెడుతున్నాను.