నాలుగోసారీ 34 దగ్గరే

ఆదివారం రాత్రి

34.2 కిలోమీటర్లు. గడియారంలో 3 గంటల 10 నిమిషాల 50 సెకన్లు. కుడి పిక్క గుప్పిట బిగించినట్టు బిగుసుకుపోయి, చర్మం కింద నిమ్మకాయంత గడ్డ పైకి లేచింది. ఇది నా నాలుగో ఫుల్ మారథాన్ (42.2 కిలోమీటర్లు). నాలుగుసార్లూ ఇదే కాలు, ఇదే పిక్క, కాస్త అటూ ఇటూగా ఇదే దూరం. ఈసారి అలా జరగకూడదని మూడు నెలలు తూకం యంత్రంతోను, ఉప్పు పొట్లాలతోను, లెక్కల పుస్తకంతోను కాపురం చేశాను. అయినా మిగిలిన ఎనిమిది కిలోమీటర్లు కుంటుతూ, నడుస్తూ, దీపస్తంభాలు పట్టుకుని కాలు సాగదీస్తూ, కిలోమీటరుకు 8 నిమిషాల 48 సెకన్ల చొప్పున లాక్కొచ్చి 4:21:12కి గీత దాటాను. అనుకున్నది 3:55.

మిగతావన్నీ బాగానే జరిగాయి కాబట్టి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: బొబ్బలు లేవు, కడుపులో గడబిడ లేదు, గోరు నల్లబడలేదు, ఏప్రిల్‌లో బెంగళూరు టీసీఎస్ వరల్డ్ 10కే అనే పది కిలోమీటర్ల పరుగులో మొదటిసారి 50 నిమిషాల లోపు (49:40) తెచ్చిన వేగం ఇంకా కాళ్లలోనే ఉంది.

ఇక పిక్క సంగతి.

చెన్నైలో పరుగెత్తేవాళ్లలో ఎవరికి కండరం పట్టేసినా మొదటి తీర్పు ఒకటే: ఉప్పు తగ్గింది. ఈ ఊరి చెమట చూసినవాడెవడూ ఆ మాట కాదనలేడు. నెల్లూరులో పుట్టి పెరిగిన నాకే ఇక్కడి ఉక్క కొత్తగా అనిపించింది. జనవరిలో కూడా తెల్లవారుజామున 23 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం. చెమట కారుతుంది కానీ ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. అడయారు వంతెన దాటేసరికి బూట్లలో పిచుక్ పిచుక్ మని చప్పుడు మొదలవుతుంది.

అందుకే డిసెంబరులో చెమట లెక్క తీశాను. తిరువాన్మియూరు నుంచి బెసెంట్ నగర్ మీదుగా శాంతోమ్ వైపు వెళ్లి రావడం, గంటన్నర, రేసు వేగంతో. వెళ్లేముందు ఒంటి మీద నూలుపోగు లేకుండా 68.4 కిలోలు. వచ్చాక ఒళ్లు తుడుచుకుని 66.5. దారిలో తాగింది అర లీటరు. అంటే పోయిన చెమట 2.4 లీటర్లు, గంటకు 1.6 లీటర్లు. మూడుసార్లు చేశాను, 1.5కూ 1.7కూ మధ్యనే వచ్చింది. లీటరు చెమటలో సోడియం (ఉప్పులో ఉండేదే) ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. నా నల్ల టీషర్టు మీద మిగిలే తెల్లటి చారికలు చూసి నాది ఒక గ్రాము అనుకున్నాను. 34 కిలోమీటర్లకు సుమారు 5 లీటర్ల చెమట, 5 గ్రాముల సోడియం.

మొదటి ఫుల్‌లో నేను తీసుకున్నది రెండు ఉప్పు మాత్రలు, అంటే 0.4 గ్రాముల సోడియం. లెక్క రాసి చూసుకున్నప్పుడు దొంగ దొరికాడని గంతులేశాను.

ఈసారి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారయ్యే మామూలు ఓఆర్ఎస్ పొట్లం ఒకటి లీటరు నీటిలో కలిపి, పావు లీటరు చొప్పున నాలుగు మెత్తటి సీసాల్లో నింపాను. రెండు నా దగ్గర, రెండు దారిలో జట్టువాళ్ల దగ్గర. ఆ లీటరులో సోడియం 75 మిల్లీమోల్, అంటే 1.7 గ్రాములు దాటుతుంది. పైన ఆరు మాత్రలు, 1.2 గ్రాములు. మొత్తం 2.9. మొదటిసారికి ఏడు రెట్లు. (ఇక్కడ నా మాట ఒకటి: విదేశీ డబ్బాల్లో వచ్చే రంగురంగుల ఎలక్ట్రోలైట్ బిళ్లల మీద డబ్బు తగలేయకండి. చాలా బిళ్లల్లో సోడియం ఈ పొట్లంలో ఉన్నదానిలో సగం కూడా ఉండదు. మందుల దుకాణంలో దొరికే ఎలక్ట్రాల్ ఓఆర్ఎస్ పొట్లం చాలు. రుచి బాగుండదు, నిజమే. 30 కిలోమీటర్ల తర్వాత ఏ రుచి బాగుంటుంది?)

నీళ్లు కూడా తక్కువ కాలేదు. మొత్తం 3.9 లీటర్లు తాగాను. తూకం యంత్రం కారులో పెట్టుకుని వెళ్లి, పార్కింగ్‌లో అందరూ చూస్తుండగా ఎక్కితే, తడి బట్టల బరువు తీసేశాక 65.9. రెండున్నర కిలోలు, ఒంటి బరువులో 3.7 శాతం. ఈ ఉక్కలో అది మంచి లెక్కే.

అయినా 34.2.

మొదటి చిటుకు 33.5 దగ్గర. అప్పుడే తెలిసిపోయింది. పక్కన వస్తున్న మా జట్టు పెద్దాయన (62 ఏళ్లు, నాకంటే ముందు గమ్యం చేరారు, అది వేరే బాధ) "అడుగు చిన్నది చెయ్యి బాబూ, మడమ ఎత్తకు" అన్నారు. చేశాను. ఏడు వందల మీటర్లు బతికాను.

అప్పుడు నా బ్రహ్మాస్త్రం తీశాను. అమెరికాలో ఊరబెట్టిన దోసకాయల రసం తాగితే కండరాల పట్టు వదులుతుందని ఒక నమ్మకం ఉంది. 2010లో అచ్చయిన ఒక ప్రయోగంలో కాలి బొటనవేలి కండరాన్ని విద్యుత్తుతో పట్టేలా చేసి ఆ రసం తాగిస్తే, నిమిషంన్నర లోపు వదిలింది. ఆ కాస్త సమయంలో ఉప్పు రక్తంలోకి చేరే అవకాశమే లేదు. కాబట్టి పులుపు గొంతులోని నరాలను తట్టి, అక్కడి నుంచి కండరానికి ఆపమనే కబురు వెళుతోందని ఆ పరిశోధకుల ఊహ. మనకు దోసకాయ రసం ఎందుకు? అమ్మ నెల్లూరు నుంచి పంపిన నిమ్మకాయ ఊరగాయ జాడీ ఉంది. శనివారం రాత్రి పైకి తేరిన ఊట 60 మిల్లీలీటర్లు వడగట్టి చిన్న సీసాలో పోసుకున్నాను. "ఏమండీ, ఊట అంతా తోడేస్తే ముక్కలు బూజు పడతాయి" అని మా ఆవిడ హెచ్చరించింది. వినలేదు.

తాగాను. కారం ముక్కుపుటాల్లోంచి బయటికొచ్చింది. కానీ, ఒట్టు, పట్టు వదిలింది! గడియారం చూశాను, 80 సెకన్లు పట్టింది. ఆ ఆనందంలో సీసా మూత పెట్టిన చేత్తోనే నుదుటి చెమట తుడుచుకున్నాను. ఊరగాయ కారం, చెమట, కుడి కన్ను. తర్వాత 300 మీటర్లు ఒంటి కన్నుతో పరుగెత్తాను. నీళ్లిచ్చే పిల్లలు ఏడుస్తున్నానని అనుకుని "కమాన్ అంకుల్" అని చప్పట్లు కొట్టారు. 35.1 దగ్గర పిక్క మళ్లీ పట్టేసింది. ఊట అయిపోయింది.

బుధవారం

కన్ను తగ్గింది. పిక్కలో ముట్టుకుంటే నొప్పి ఉంది. మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను.

పాత రేసుల కాగితాలు బయటికి తీశాను. మొదటి సగం సమయం, పట్టేసిన దూరం: చెన్నైలో మొదటిది 1:54:10, 33.8. హైదరాబాదు, ఆగస్టు, ఆ ఫ్లైఓవర్లకు భయపడి మెల్లగా వెళ్లాను కాబట్టి 1:58:05, 34.5. బెంగళూరు, అక్టోబరు, చల్లగా ఉందని పొంగిపోయి 1:53:20, 32.6. ఇప్పుడు 1:56:44, 34.2.

బెంగళూరును చూడండి. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు, చల్లటి గాలి, టీషర్టు సగం కూడా తడవలేదు. అక్కడే అన్నిటికంటే ముందు పట్టేసింది! చెమటే దొంగ అయితే అక్కడ దొరకకూడదు కదా. ఈ కాగితం రెండేళ్లుగా సొరుగులోనే ఉంది. నేను మాత్రం చెమట తూచుకుంటూ కూర్చున్నాను.

దక్షిణాఫ్రికాలో మార్టిన్ ష్వెల్నస్ అనే వైద్యుడి బృందం ఈ మాట ఎప్పటినుంచో చెబుతోంది. దూరపు పరుగుల్లో కండరాలు పట్టేసినవాళ్ల రక్తం, పట్టనివాళ్ల రక్తం పోల్చి చూస్తే సోడియంలోనూ నీటి లోటులోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కనిపించిన తేడాలు వేరు: ఇంతకుముందు పట్టేసిన చరిత్ర, అలవాటైన దానికంటే వేగంగా వెళ్లడం. అలసిన కండరానికి బిగుసుకో అనే సంకేతం పెరిగి, వదులు అనే సంకేతం తగ్గుతుందని వాళ్ల వాదన. ఉప్పుకు ఏ పాత్రా లేదని నేను అనను. ఈ ఊళ్లో పొట్లం మానేసే ధైర్యం నాకు లేదు.

నాలుగు చుక్కలూ గళ్ల కాగితం మీద పెడితే చక్కగా ఒక గీత వచ్చింది: మొదటి సగం ఎంత మెల్లగా ఉంటే పిక్క అంత దూరం మోసింది, మొదటి సగంలో పెరిగిన ఒక్కో నిమిషానికి సుమారు 400 మీటర్లు. మా జట్టు డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ ఆ గీతను 42.2 దాకా పొడిగించి, మొదటి సగం 2 గంటల 17 నిమిషాల్లో పరుగెత్తితే చాలన్నారు. అంటే ఫుల్ 4:34. ఇప్పుడు కుంటుతూ వచ్చినదానికంటే 13 నిమిషాలు ఆలస్యం. "నాలుగు చుక్కలతో గీతలు గీయకండి" అని నవ్వి, అసలు ప్రశ్న అడిగారు: కుడి కాలే ఎందుకు?

ఉప్పు రక్తంలో తక్కువైతే ఎడమ పిక్కకు మాత్రం ఎలా సరిపోయింది?

గోడ పట్టుకుని ఒంటి కాలి మీద మడమ ఎత్తమన్నారు. ఎడమ 27 సార్లు. కుడి 16, చివరి మూడూ సగం ఎత్తే. మోకాలు కాస్త వంచి చేస్తే ఎడమ 22, కుడి 11. సగం! కొలనూలు చుట్టితే పిక్క చుట్టుకొలతలో కూడా 1.4 సెంటీమీటర్ల తేడా. మూడేళ్ల కిందట ఫుట్‌పాత్ పలక ఒకటి ఊగి కుడి చీలమండ బెణికింది. ఆరు వారాలు కట్టు, తర్వాత నొప్పి పోయింది కదా అని నేరుగా పరుగు. ఆ కాలికి బలం తిరిగి వచ్చిందో లేదో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

శనివారం

ఒక దొంగతో సరిపెట్టుకోవడం నా స్వభావం కాదు. ఇంకో ఇద్దరి మీద అనుమానం ఉంది.

ఒకటి, రోడ్డు వాలు. వాన నీరు పోవడానికి రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఫోను పడుకోబెట్టి కొలిచాను: మధ్యలో అర డిగ్రీ, ఎడమ అంచున 2.5. నాలుగేళ్లుగా ఎడమ అంచునే పరుగెత్తుతున్నాను, అంటే కుడి కాలు ఎప్పుడూ ఎత్తు వైపే. అరిగిన పాత బూట్లు ఆరు జతలు తిప్పి చూస్తే, అయిదింట్లో కుడి బూటు లోపలి అంచు ఎక్కువ అరిగింది.

రెండు, బూట్లు. లాంగ్ రన్‌లు (సాధనలో దూరపు పరుగులు) అన్నీ నైకీ పెగాసస్ బూట్లలో. మడమ ముందుభాగం కంటే 10 మిల్లీమీటర్లు ఎత్తు, మొండి గాడిదలాంటి బూటు, నాకు ఇష్టం. రేసులకు మాత్రం దాచుకున్న తేలిక జత, దానిలో తేడా 4 మిల్లీమీటర్లే. మడమ కిందికి దిగేకొద్దీ పిక్క ఎక్కువ సాగాలి. ఆ జతతో సాధనలో ఎప్పుడూ 21 కిలోమీటర్లు దాటలేదు. అరిగిపోతుందని పిసినారితనం. నాలుగు రేసుల్లోనూ అదే జత.

అందుకని పన్నెండు వారాలు ఇలా అనుకుంటున్నాను. మడమ ఎత్తడం రోజు విడిచి రోజు, కుడి కాలికి మూడు విడతలు, ఎడమకు రెండు. మెట్టు అంచున నిలబడి, మోకాలు నిటారుగా ఒకసారి, వంచి ఒకసారి. నెల తర్వాత వీపు సంచిలో అయిదు కిలోల బియ్యం. లాంగ్ రన్‌లలో చివరి ఎనిమిది కిలోమీటర్లు రేసు వేగంతో, అలసిన పిక్కకు అక్కడే పని నేర్పాలి. తేలిక జతతో 28 దాకా ఒక్కసారైనా వెళ్లాలి, అరిగితే అరగనీ. తిరుగు దారిలో వాలు మారేలా రోడ్డుకు కుడి అంచున, ఎదురొచ్చే బండ్లు కనిపిస్తూ. ఉప్పు, నీళ్లు ఇప్పుడున్నట్టే ఉంటాయి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదని డాక్టరమ్మ గొణిగారు. నిజమే. కానీ నాకు 3:55 కావాలి, పరిశోధన పత్రం కాదు.

రేసు ఏది? మార్చి దాటితే చెన్నైలో ఫుల్ ఆలోచనే దండగ. హైదరాబాదు ఆగస్టు ఒకటి. లేదంటే వచ్చే జనవరిలో ముంబై, కానీ అక్కడ పెద్దర్ రోడ్డు ఎక్కుడు చివరి పది కిలోమీటర్లలోనే వస్తుంది. సరిగ్గా నా పిక్క చేతులెత్తేసే చోట ఎవరో కావాలని పెట్టినట్టు. హైదరాబాదు ఫ్లైఓవర్లకే నా ఓటు. ఆలోగా ఫిబ్రవరిలో మెరీనా మీద ఒక 30, నేపియర్ వంతెన నుంచి లైట్‌హౌస్ వైపు తిరుగుతూ, మొదటి అయిదు కిలోమీటర్లు కిలోమీటరుకు 5:45 కంటే వేగంగా వెళ్లనని మా ఆవిడ ముందు మాటిచ్చాను.

ఊరగాయ ముక్కలు బూజు పట్టాయి. అమ్మకు ఇంకా చెప్పలేదు.

ఈ పూట కుడి కాలు 17.