24 డిగ్రీలకు మార్చిన తరువాత

విజయనగరంలో మేము నిర్వహిస్తున్న కార్యాలయ భవనంలో సెంట్రల్ ఏసీ సెట్‌పాయింట్లను (గది ఎంత ఉష్ణోగ్రతలో ఉండాలో ఏసీకి పెట్టే అంకెలను) ఈ వారం జోన్ల వారీగా మార్చాము. అంతకుముందు అన్నిచోట్లా 20 డిగ్రీలే ఉండేది; లోపలి గదుల్లో శాలువాలు కప్పుకునేవారు కొందరు, పడమటి అద్దాల పక్కన చెమట తుడుచుకునేవారు కొందరు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. స్టార్ లేబుల్ గది ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తోనే రావాలన్న నిబంధన కూడా 2020 జనవరి నుండి అమలులో ఉంది.

అయితే సముద్రపు గాలి సోకే మన జిల్లాలో గది ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే సరిపోదు. చిల్లర్ (ఏసీ కోసం నీటిని చల్లబరిచే యంత్రం) నుండి వచ్చే నీటిని 7 డిగ్రీల నుండి బాగా పైకి తీసుకువెళితే, గాలిలోని తేమ ఆ నీరు పారే గొట్టాల చుట్ట (కాయిల్) మీద తగినంతగా నీరై కారిపోదు కనుక, గది చల్లగానే ఉన్నా ఒళ్లంతా జిగటగా ఉంటుంది, ఫైళ్లలోని కాగితాలు మెత్తబడతాయి. అందుకే గదులను 24కు పెంచి, పడమటి జోన్‌ను మాత్రం మధ్యాహ్నం నుండి 23 దగ్గర ఉంచి, నీటి జోలికి పోలేదు.

రెండో అంతస్తులో ఒక సెన్సర్‌ను, ఎవరి తెలివో గాని, జిరాక్స్ మెషీన్ వెనుక గోడకు బిగించారు. అది మెషీన్ వేడినే గది వేడిగా చూపుతున్నంతకాలం అక్కడ ఏ సెట్‌పాయింట్ పెట్టినా వృథాయే. దానిని శనివారం ఎదురుగోడకు మారుస్తున్నాము.