తెలిసినవాళ్లు పంపితేనే కథ చదువుతామంటే చట్టం ఒప్పుకుంటుందా?

రైటర్లకు పని ఇప్పించే టాలెంట్ ఏజెన్సీలు చాలావాటికి ఒక రూలు ఉంది. ఎవరైనా తెలిసినవాళ్లు పరిచయం చేస్తేనే స్క్రిప్టు చదువుతారు, నేరుగా పంపితే తెరవరు. ఇది వివక్ష కిందికి వస్తుందా అని హనుమకొండలో కథలు రాసే దోస్తులు నన్ను అడుగుతున్నారు, లా చదివాను కాబట్టి. భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక తమ్ముడు, సింగరేణి కార్మికుడి కొడుకు, వెబ్ సిరీస్ కథ రాసి హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి మెయిల్ పెడితే వాళ్లు అడిగింది ఒక్కటే, ఎవరి రిఫరెన్స్ అని. "అన్నా, నాకు ఆడ ఎవలు ఎరుక?" అన్నాడు.

సూటిగా చెప్తాను. మన దేశంలో ఇప్పుడున్న చట్టాలతో ఆ రూలును కోర్టులో కొట్టేయించడం చాలా కష్టం. అమెరికాలో దారి ఉంది గానీ ఇరుకు దారి.

అక్కడి 1964 పౌరహక్కుల చట్టం యజమానులనే కాదు, పని కుదిర్చే ఏజెన్సీలను కూడా విడిగా ప్రస్తావించి, జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం చూసి ఎవరినీ పనికి పంపకుండా ఆపకూడదని చెప్తుంది. హాలీవుడ్ టీవీ రైటర్లు ఎక్కువగా స్టూడియోల దగ్గర ఉద్యోగుల లెక్కలోనే పనిచేస్తారు కాబట్టి, వాళ్ల ఏజెన్సీలకూ ఇది వర్తిస్తుందని వాదించొచ్చు. రూలులో జాతి మాట లేదు కదా అంటారా, దానికి 1971లో గ్రిగ్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు జవాబిచ్చింది. ఒక కరెంటు కంపెనీ హైస్కూల్ సర్టిఫికెట్, రాత పరీక్షలు పెట్టి నల్లజాతి కార్మికులు పైకి రాకుండా చేసింది. ఆ పనికి అవి అవసరమని చూపించలేకపోతే, ఉద్దేశం ఏదైనా సరే, ఆ షరతులు చెల్లవని తీర్పు. రిఫరెన్స్ రూలుకు ఇంతకన్నా దగ్గరి కేసు నాకు కనిపించలేదు.

అయితే 1993లో చికాగో అప్పీలు కోర్టు ఇంకోలా చెప్పింది. కొరియా నుంచి వచ్చిన ఒకాయన నడిపే క్లీనింగ్ కంపెనీలో తెలిసినవాళ్ల ద్వారానే పనివాళ్లను పెట్టుకునేవారు, అందుకే ఎక్కువమంది కొరియన్లే ఉండేవారు. ఖర్చు తక్కువ పద్ధతి అది, అంతమాత్రాన కావాలని చేసిన వివక్ష కాదు అంది కోర్టు. ఆ పైన, ఫలితాన్ని బట్టి వివక్షను తేల్చే ఇలాంటి కేసులను ప్రభుత్వ శాఖలు పక్కన పెట్టాలని 2025 ఏప్రిల్‌లో అక్కడి అధ్యక్షుడు ఆర్డర్ ఇచ్చాడు. వయసు విషయంలో మాత్రం రైటర్లు గట్టిగా పోరాడారు. 40 దాటినవాళ్లను పక్కన పెడుతున్నారని స్టూడియోల మీద, నెట్‌వర్క్‌ల మీద, ఏజెన్సీల మీద కూడా 2000లో మొదలైన కేసులు 2010లో 7 కోట్ల డాలర్ల రాజీతో ముగిశాయి. పదేళ్లు! అదీ రాజీ, తీర్పు కాదు.

మన దగ్గర సంగతేంటంటే, రాజ్యాంగం 14, 16 అధికరణలు ప్రభుత్వాన్ని కట్టడి చేస్తాయి, ప్రైవేటు ఏజెన్సీని కాదు. 15(2) దుకాణాలు, హోటళ్ల లాంటి చోట్లకు పరిమితం. నియామకాల్లో ఆడ, మగ తేడా చూపొద్దని 1976 నుంచీ చట్టం ఉన్నా, అది ఉద్యోగులకు. కథకు ఇంత అని మాట్లాడుకుని రాసే రైటరు ఉద్యోగి కాడు.

కానీ సినిమా రంగంలోనే ఒక గెలుపు ఉంది, దాన్ని మనవాళ్లు తెలుసుకోవాలి. ముంబైలో మేకప్ ఆర్టిస్టుల సంఘం ఆడవాళ్లకు మేకప్ ఆర్టిస్టుగా సభ్యత్వ కార్డు ఇచ్చేది కాదు, హెయిర్ డ్రెస్సర్లుగా మాత్రమే ఉండనిచ్చేది. చారు ఖురానా కేసులో 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఆ సంఘం ట్రేడ్ యూనియన్ల చట్టం కింద రిజిస్టర్ అయింది కాబట్టి దాని నిబంధనలు రాజ్యాంగానికి లోబడాలంది. అంటే సంఘాన్ని కోర్టు బోను ఎక్కించొచ్చు, ప్రైవేటు ఏజెన్సీని ఎక్కించే మెట్లు మనకు లేవు. ప్రైవేటు రంగానికీ వర్తించే వివక్ష వ్యతిరేక బిల్లును శశి థరూర్ 2017లో లోక్‌సభలో పెట్టారు, అది చట్టం కాలేదు. అలాంటి చట్టం రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఎందుకంటే మనకు "తెలిసినవాళ్లు" అంటే ఎవరు? చుట్టాలు, కులపోళ్లు, ఊరోళ్లు, కాలేజీ సీనియర్లు. రూలులో కులం అనే మాట లేకపోయినా పరిచయాలు కులం వెంట, డబ్బు వెంటే నడుస్తాయి. ములుగు, మహబూబాబాద్ తండాల నుంచి వచ్చి రాసే పిల్లకు ఫిల్మ్‌నగర్‌లో ఏ మామయ్య ఉంటాడు? వేల స్క్రిప్టులు వస్తే ఎలా చదవాలి అనే ఏజెన్సీల బాధ నిజమే, నేను కాదనను. దానికి ఏడాదిలో ఒక నెల అందరికీ తలుపు తీయండి, పేరు, ఊరు తీసేసి మొదటి పది పేజీలే చదవండి. రిఫరెన్స్‌కు కథ బాగుందో లేదో తెలియదు, పది పేజీలకు తెలుస్తుంది.

ఆ తమ్ముడికి చెప్పాను, వాళ్ల జవాబు మెయిల్ డిలీట్ చేయొద్దని, కథను కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోమని. ఏడాదిలో ఒక నెల తలుపు తీయమనే అభ్యర్థనను అతనితో కలిసి ఏజెన్సీలకు ఉత్తరంగా రాస్తున్నాం. సంతకం పెట్టాలనుకునే రైటర్లు కామెంట్లో చెప్పండి, ఏ జిల్లా అయినా పర్లేదు.